చెన్ రొంగ్ 'తొమ్మిది డ్రాగన్లు' చుట్టపటం: సృజనప్రక్రియ - జనశ్రుతి - పటసాక్ష్యం

వ్యాససంగ్రహం:

చైనా చిత్రకారుడు చెన్ రొంగ్ 1244లో రచించిన 'తొమ్మిది డ్రాగన్లు' చుట్టపటం డ్రాగన్ చిత్రణలో శిఖరప్రాయమైనదిగా పేరు పొందింది. ఆ చిత్రకారుని సృజనప్రక్రియను గురించి ఒక జనశ్రుతి బలంగా నిలిచి ఉంది. అతడు మద్యం మత్తులో కేకలు వేస్తూ, తలగుడ్డను సిరాలో ముంచి కాగితంపై పులిమి డ్రాగన్లను పుట్టించాడన్నది దాని సారం. ఈ జనశ్రుతికి మూలమైన రచన అసలు ఏం చెబుతున్నది, పటంలో కనిపించే ఆధారాలు ఏం చెబుతున్నవి, ఈ రెండింటికీ పొత్తు ఎంత అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డ్రాగన్ చిత్రణకు చైనా లక్షణకారులు విధించిన కొలతలను, అదే వస్తువును మట్టిపలకలపై మలచిన హస్తకళాకారుల పద్ధతిని పోల్చి చూపుతుంది. ఆవేశం, అభ్యాసం పరస్పర విరుద్ధాలు కావని, వాటిని విడదీసి చూడటం వల్ల విమర్శకు నష్టం కలుగుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డ్రాగన్, చెన్ రొంగ్, చుట్టపటం, సృజనప్రక్రియ, జనశ్రుతి, నాగం, అభ్యాసం.

1. ప్రవేశిక:

చెన్ రొంగ్ దక్షిణ సోంగ్ రాజవంశకాలానికి చెందినవాడు. ఫుజియాన్ ప్రాంతీయుడు. 1235లో రాజోద్యోగ పరీక్షలో అత్యున్నత పట్టం పొంది, పాలనాధికారిగా పనిచేశాడు. కవి కూడా. చిత్రలేఖనం అతనికి జీవనవృత్తి కాదు, పండితుని వ్యాసంగం. 'తొమ్మిది డ్రాగన్లు' కాగితంపై సిరాతో, అక్కడక్కడ లేత ఎరుపు స్పర్శతో రచించిన పటం. ఎత్తు 46.2 సెంటీమీటర్లు, చిత్రభాగం పొడవు 9 మీటర్లకు పైగా ఉంటుంది. 1917 నుండి అమెరికాలోని బోస్టన్ లలితకళా మ్యూజియంలో ఉంది.

ఈ పటాన్ని గోడకు వేలాడదీసి ఒక్క చూపులో చూడటానికి ఉద్దేశించలేదు. బల్లపై ఉంచి, కుడి నుండి ఎడమకు, ఒక చేతితో విప్పుతూ మరొక చేతితో చుడుతూ చూడాలి. తెలంగాణలోని చేర్యాల పటాన్ని ఎరిగిన పాఠకులకు ఈ పద్ధతి కొత్త కాదు. అయితే చేర్యాల పటం పై నుండి కిందికి సాగుతుంది; కథాఘట్టాల మధ్య అంచులుంటాయి; పటం కథకుడు ఒక్కొక్క ఘట్టాన్ని చూపుతూ కథ చెబుతాడు. చెన్ రొంగ్ పటంలో అంచులు లేవు, కథ లేదు. కొండబండలు, మేఘాలు, పొగమంచు, సుడిగుండం ఒకదానిలోకి ఒకటి కరిగిపోతూ ఉంటాయి. వాటి నడుమ తొమ్మిది డ్రాగన్లు కొంత కనిపిస్తూ, కొంత మరుగవుతూ సాగుతాయి. ఈ 'కొంత కనిపించడం' అన్నదే పటం నిర్మాణసూత్రం. సృజనప్రక్రియను గురించిన చర్చకు కూడా అదే ఆధారం.

2. పదం - భావం:

డ్రాగన్‌ను గురించి తెలుగులో రాసేటప్పుడు మొదట ఎదురయ్యే చిక్కు పదానిదే. తెలుగు బైబిలులోని ప్రకటన గ్రంథం ఈ ప్రాణిని 'ఘటసర్పం' అన్నది. అక్కడ అది సాతానుకు ప్రతిరూపం. ఆ పదంతో చైనా డ్రాగన్‌ను పిలిస్తే, వర్షాన్ని ఇచ్చే మంగళకరమైన ప్రాణికి దుష్టత్వం ఆపాదించినట్లవుతుంది.

చైనా భాషలో ఈ ప్రాణి పేరు 'లొంగ్'. బౌద్ధగ్రంథాలను చైనా భాషలోకి అనువదించినవారు సంస్కృతంలోని 'నాగ' శబ్దానికి ఈ 'లొంగ్' పదాన్నే వాడారు. ఆచార్య నాగార్జునుని చైనా పేరు 'లొంగ్‌షు'; అంటే 'డ్రాగన్-వృక్షం'. ఆయన సముద్రగర్భంలోని నాగలోకానికి వెళ్లి మహాయాన సూత్రాలను తెచ్చాడన్న గాథ చైనా పాఠకునికి డ్రాగన్ ప్రాసాదపు గాథగా అందింది. అమరావతి శిల్పఫలకాలపై స్తూపాన్ని చుట్టి కాపాడే నాగాలను చూసిన తెలుగువారికి, నీటితోను నిధితోను రక్షణతోను ముడిపడిన ఈ భావం పరాయిది కాదు.

అయినా నాగం, లొంగ్ ఒకటి కావు. నాగానికి పడగ ఉంటుంది, కాళ్లు ఉండవు. లొంగ్‌కు కాళ్లు, గోళ్లు, కొమ్ములు, మీసాలు ఉంటాయి. రెక్కలు లేకుండానే ఆకాశంలో సంచరిస్తుంది. నాగం ప్రధానంగా ఒక స్థలానికి కాపరి. లొంగ్ మడుగు నుండి మేఘానికి, మేఘం నుండి మడుగుకు మారే గమనశీలి. అందువల్ల ఈ వ్యాసంలో వ్యవహారంలో స్థిరపడిన 'డ్రాగన్' పదమే గ్రహించబడింది. ఈ భేదం పదచర్చకే పరిమితం కాదు. కాపరిని చిత్రించడానికి నిలకడైన రేఖ చాలు. ఎడతెగక మారే దానిని చిత్రించడానికి మార్పును పట్టుకోగల సాధనం కావాలి.

3. చూడని ప్రాణికి కొలతలు:

క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన హాన్ ఫెయ్ రచనలో ఒక ప్రసిద్ధ సంభాషణ ఉంది. దేనిని చిత్రించడం కష్టమని రాజు అడిగితే, కుక్కలు, గుర్రాలు కష్టమని, భూతాలు తేలికని చిత్రకారుడు బదులిస్తాడు. కుక్కను అందరూ రోజూ చూస్తారు కనుక తప్పు వెంటనే పట్టుబడుతుంది. భూతాన్ని చూసినవారు లేరు కనుక తప్పు పట్టేవారూ ఉండరు. ఈ తర్కం ప్రకారం డ్రాగన్ చిత్రణ కూడా తేలికైనదే కావాలి.

చైనా లక్షణకారులు ఈ తేలికతనాన్ని అంగీకరించలేదు. 11వ శతాబ్దిలో గువో రువోషు తన చిత్రకళాగ్రంథంలో డ్రాగన్‌కు మూడు విభాగాలను, తొమ్మిది పోలికలను నిర్దేశించాడు. తల నుండి భుజం దాకా, భుజం నుండి నడుము దాకా, నడుము నుండి తోక దాకా అన్నవి మూడు విభాగాలు. కొమ్ములు లేడివి, తల ఒంటెది, కళ్లు భూతానివి, మెడ పాముది, పొట్ట మహాశుక్తిది, పొలుసులు చేపవి, గోళ్లు డేగవి, అరికాళ్లు పులివి, చెవులు ఎద్దువి అన్నవి తొమ్మిది పోలికలు. ఎవరూ చూడని ప్రాణికి అందరూ ఎరిగిన ప్రాణుల అంగాలను ఇచ్చి, తప్పు పట్టడానికి వీలు కల్పించడమే ఈ లక్షణంలోని అంతరార్థం. లేడి కొమ్ము లేడి కొమ్ములా లేకపోతే ఎవరైనా గుర్తిస్తారు. ఆ విధంగా భూతచిత్రణ సౌలభ్యం తొలగిపోయి, కుక్కను చిత్రించడంలోని కష్టం డ్రాగన్‌కు కూడా సంక్రమించింది. మకరం, వ్యాళం వంటి మిశ్రమరూపాలకు భారతీయ శిల్పులు చేసిన అంగసంయోజన కూడా ఈ కోవలోనిదే.

ఈ జాబితాలో జంతులోకం దాటిన పోలిక కన్ను ఒక్కటే. దానిని భూతంతో పోల్చడం వల్ల లక్షణకారుడు కొలతను ఇచ్చినట్లే ఇచ్చి, ఆ ఒక్కచోట చిత్రకారుని ఊహకు విడిచిపెట్టాడు. 6వ శతాబ్ది చిత్రకారుడు జాంగ్ సెంగ్‌యో గాథను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 847 నాటి జాంగ్ యెన్‌యువాన్ గ్రంథంలో ఈ గాథ ఉంది. ఒక ఆలయపు గోడపై నాలుగు డ్రాగన్లను చిత్రించిన సెంగ్‌యో వాటికి కనుపాపలు పెట్టలేదు, పెడితే ఎగిరిపోతాయన్నాడు. నమ్మనివారు పట్టుబట్టగా రెండింటికి పెట్టాడు. పిడుగులు పడి గోడ బద్దలై ఆ రెండూ ఆకాశానికి ఎగిరిపోయాయి. కళ్లు లేనివి గోడపైనే ఉండిపోయాయి. ఈ గాథలోని అద్భుతాన్ని పక్కన పెడితే, ప్రక్రియకు సంబంధించిన ఒక క్రమం మిగులుతుంది. దేహమంతా శాస్త్రానుసారం ముగిసిన తరువాతనే కన్ను వస్తుంది. శాస్త్రం ముగిసే చోట ప్రాణం మొదలవుతుంది కాని, శాస్త్రం లేని చోట కాదు.

4. జనశ్రుతిలో జారిపోయిన వాక్యభాగం:

చెన్ రొంగ్ పద్ధతిని గురించిన జనశ్రుతికి ముఖ్యాధారం 1365 నాటి షియా వెన్‌యాన్ గ్రంథం 'తుహుయ్ బావోజియాన్'. అంటే పటం రచించిన 121 సంవత్సరాల తరువాతి మాట. అందులోని వర్ణన ప్రకారం చెన్ రొంగ్ సిరాను చిమ్మి మేఘాలను, నోటితో నీటిని ఊది పొగమంచును కల్పించేవాడు. మద్యం మత్తులో పెద్దగా అరిచి, తలగుడ్డ తీసి సిరాలో తడిపి, చేతికి వచ్చినట్లు పులిమేవాడు. ఆ తరువాత కుంచెతో దానిని పూర్తిచేసేవాడు.

ఈ వర్ణనను తిరిగి చెప్పేటప్పుడు మత్తు, అరుపు, తలగుడ్డ నిలుస్తాయి. చివరి అంశమైన కుంచెతో పూర్తిచేయడం మాత్రం జారిపోతుంది. నిజానికి వర్ణన అంతటికీ అర్థాన్ని ఇచ్చేది ఆ చివరి అంశమే. షియా వెన్‌యాన్ చెప్పినది రెండు దశల ప్రక్రియ. మొదటి దశలో చేయి యాదృచ్ఛికతను ఆహ్వానిస్తుంది. రెండవ దశలో కన్ను ఆ యాదృచ్ఛికంలోని రూపాన్ని గుర్తించి, కుంచె దానిని నిర్ధారిస్తుంది. మొదటి దశను మాత్రమే గ్రహిస్తే చెన్ రొంగ్ ఉన్మత్తుడవుతాడు. రెండు దశలనూ గ్రహిస్తే నేర్పరి అవుతాడు.

5. పటసాక్ష్యం:

జనశ్రుతిని అలా ఉంచి పటాన్నే సాక్షిగా పిలిస్తే మూడు అంశాలు తేలుతాయి.

మొదటిది తడికి, పొడికి సంబంధించినది. చైనా సిరా మసిని జంతువుల చర్మాదుల నుండి తీసిన జిగురుతో కలిపి కడ్డీగా ఆరబెట్టి తయారయ్యేది. వాడేముందు రాతిపలకపై నీటితో అరగదీయాలి. కాగితంపై పడిన తరువాత దానిని చెరపడం సాధ్యం కాదు. తడి ఉన్న చోట గీసిన రేఖ అంచులు చెదిరి వ్యాపిస్తుంది. ఆరిన చోట గీసినదే పదునుగా నిలుస్తుంది. ఈ పటంలో విశాలమైన తడిపూతల పక్కనే మీసాలు, గోళ్లు, పొలుసులు పదునైన రేఖలతో ఉన్నాయి. కనుక చిత్రకారుడు పొడి కాగితంపై ఆ రేఖలను ముందే గీసి ఉండాలి, లేదా పూత ఆరేదాకా ఆగి ఉండాలి. ముందే గీస్తే అది పూర్వనిశ్చయం. తరువాత గీస్తే అది నిరీక్షణ. ఏ విధంగా చూసినా, 9 మీటర్లకు పైబడిన పటం ఒక్క ఊపులో, ఒక్క మత్తులో పూర్తి కావడానికి వీలు లేదు.

రెండవది తెలుపుకు సంబంధించినది. ఈ పటంలో మేఘాల, పొగమంచు తెలుపు రంగు వేయడం వల్ల వచ్చింది కాదు. సిరా తాకకుండా విడిచిన కాగితమే ఆ తెలుపు. డ్రాగన్ దేహం మేఘంలోకి వెళ్లి మరొకచోట బయటపడినప్పుడు మధ్యభాగం కాగితంపై లేదు. అయినా చూపరి కన్ను రెండు ఖండాలను ఒకే దేహంగా కలుపుకుంటుంది. అలా కలవాలంటే కనిపించని భాగపు వంపు, పొడవు చిత్రకారుని మనస్సులో ముందుగానే ఉండాలి. గువో రువోషు చెప్పిన మూడు విభాగాల కొలత ఇక్కడే అక్కరకు వస్తుంది. మరుగైన నడుము ఎంత పొడవుండాలో తెలియకపోతే తోక ఎక్కడ బయటపడాలో తెలియదు. లక్షణశాస్త్రం కనిపించే అంగాలకంటే కనిపించని అంగాలకే ఎక్కువ అవసరమన్న విషయాన్ని ఈ పటం రుజువు చేస్తున్నది.

మూడవది సాధనానికి, వస్తువుకు గల సంబంధం. చైనా సంప్రదాయంలో డ్రాగన్ నీటికి, మేఘానికి, వర్షానికి అధిదైవతం. వానల కోసం చేసే ప్రార్థనలలో దాని రూపానికి స్థానం ఉన్నది. చెన్ రొంగ్ నీటినే ప్రధాన సాధనంగా స్వీకరించాడు. సిరాలో నీరు ఎక్కువైతే పొగమంచు, తక్కువైతే కొండబండ. నీరు తన దారిన పారితే మేఘం, కుంచె దానిని సుడి తిప్పితే సుడిగుండం. నీటిని చిత్రించడానికి నీటి స్వభావాన్నే వినియోగించడం వల్ల వస్తువు, సాధనం ఏకమయ్యాయి. జనశ్రుతిలోని చిమ్మడం, ఊదడం అన్న క్రియలకు అసలైన ఔచిత్యం ఇదే. వర్షాన్ని కురిపించే ప్రాణిని చిత్రించేవాడు కాగితంపై ఒక చిన్న వర్షాన్ని కురిపించాడు. మత్తుతో నిమిత్తం లేకుండానే ఈ క్రియలకు అర్థం ఉంది.

6. ఆవంలో కాలిన డ్రాగన్లు:

ఇదే వస్తువును హస్తకళాకారులు ఎలా నిర్వహించారో చూస్తే చర్చ మరింత స్పష్టమవుతుంది. 1392లో డాటొంగ్ నగరంలో మింగ్ రాజకుమారుని భవనం ఎదుట తొమ్మిది డ్రాగన్ల గోడ నిర్మితమైంది. దాని పొడవు సుమారు 45 మీటర్లు. బీజింగ్ రాజప్రాసాదంలోని తొమ్మిది డ్రాగన్ల గోడ 1772లో చియెన్‌లొంగ్ చక్రవర్తి కాలంలో వెలసింది. చెన్ రొంగ్ పటాన్ని తన సేకరణలో ఉంచుకొని, దానిపై ముద్రలు వేయించినవాడు కూడా ఈ చక్రవర్తే. పండితుని పటం, పనివారి గోడ ఒకే రాజాదరణ కింద చేరాయి.

బీజింగ్ గోడపై డ్రాగన్లు 270 గాజుపూత మట్టిపలకల కూర్పు. మట్టిని ఉబ్బుశిల్పంగా మలచి, పలకలుగా కోసి, ఆరబెట్టి, ఆవంలో కాల్చి, రంగుల గాజుపూత పూసి మళ్లీ కాల్చాలి. ఆరేటప్పుడు, కాలేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది. ఒక డ్రాగన్ దేహం అనేక పలకలమీదుగా సాగుతుంది కనుక, ప్రతి పలకా ఒకే మేరకు కుంచించుకుంటేనే వంపులు కలుస్తాయి. ఇక్కడ చెన్ రొంగ్ మేఘం లేదు. అతుకును దాచడానికి పొగమంచు లేదు. డ్రాగన్ తల నుండి తోక దాకా కనిపించి తీరాలి.

ఈ గోడకూ ఒక జనశ్రుతి ఉంది. కాల్చేటప్పుడు ఒక పలక పగిలిందని, గడువు ముంచుకువస్తుండగా ఒక పనివాడు రహస్యంగా చెక్కతో ఆ భాగాన్ని మలచి, రంగు వేసి, తెల్లని డ్రాగన్ పొట్టభాగంలో అమర్చి అందరి ప్రాణాలను కాపాడాడని చెబుతారు. పండితుని గురించి చెప్పే కథకు, పనివారి గురించి చెప్పే కథకు గల భేదం గమనించదగినది. పండితుని కథలో అదుపు తప్పడం గొప్పతనం. పనివాని కథలో అదుపు తప్పడం ప్రాణాపాయం. పండితుని చేతిలో సిరా ఒలికితే అది ప్రతిభ; పనివాని చేతిలో పలక పగిలితే అది అపరాధం. ప్రక్రియను గురించిన జనశ్రుతులు ప్రక్రియ కంటే సమాజంలోని అంతస్తులను ఎక్కువగా తెలుపుతాయనడానికి ఇది నిదర్శనం. డ్రాగన్ రూపం కూడా ఈ అంతస్తులకు అతీతం కాదు. 1314లో యువాన్ ప్రభుత్వం వస్త్రాలపై అయిదు గోళ్లు, రెండు కొమ్ములు గల డ్రాగన్‌ను సామాన్యులకు నిషేధించింది. అటువంటి కట్టడి ఉన్నచోట గోళ్ల సంఖ్య నేతగానికి శిక్షతో కూడిన లెక్క.

7. జనశ్రుతి - విమర్శ:

తెలుగు సాహిత్యచరిత్ర కూడా ఇటువంటి జనశ్రుతులతో నిండినదే. గజేంద్రమోక్ష ఘట్టంలో పద్యం ముందుకు సాగక పోతన లేచి వెళితే, శ్రీరాముడే వచ్చి పూరించాడన్న కథ అందరూ ఎరిగినదే. ఆ కథ భక్తిదృష్టిలో విలువైనది. కాని పద్యం ఎందుకు ఆగింది, ఎలా కదిలింది, ఏ పదం దేనికి దారి చూపింది అన్న ప్రశ్నలకు అది తలుపులు మూసివేస్తుంది. ఆలంకారికులు కావ్యహేతువులను చెప్పినప్పుడు ప్రతిభతో పాటు వ్యుత్పత్తిని, అభ్యాసాన్ని చేర్చారు. జనశ్రుతి ప్రతిభను మాత్రమే నిలిపి, మిగిలిన రెండింటినీ తొలగిస్తుంది. అవధానంలో ఆశుధార శ్రోతలను ఆకట్టుకుంటుంది. దాని వెనుక ఉన్న ధారణ, ఏళ్ల తరబడి సాధన కంటికి కనిపించవు. చెన్ రొంగ్ విషయంలో జరిగినది కూడా ఇదే.

ఇందువల్ల కలిగే నష్టం ఊహాత్మకం కాదు. చెన్ రొంగ్ పేరిట అనేక డ్రాగన్ పటాలు ప్రపంచంలో ఉన్నాయి. వాటిలో 'ఆరు డ్రాగన్లు' అన్న పటం 2017లో న్యూయార్క్ వేలంలో సుమారు 4 కోట్ల 90 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇటువంటి స్థితిలో కర్తృత్వ నిర్ణయానికి ఆధారం ఏది అన్నది కీలకప్రశ్న. చిమ్మిన సిరా, చెదిరిన పూత ఉంటే అది చెన్ రొంగ్‌దే అనుకోవడం జనశ్రుతిని ప్రమాణంగా స్వీకరించడమే. చిమ్మడం అనుకరించేవారికి తేలిక. మేఘం వెనుక మరుగైన నడుము పొడవును తప్పకుండా లెక్కించి, తోకను సరైన చోట వెలికి తీయడం తేలిక కాదు. కనుక పరిశీలన సాగవలసినది సిరా పడిన చోట మాత్రమే కాదు, పడని చోట కూడా.

జనశ్రుతిని అబద్ధమని కొట్టివేయవలసిన అవసరమూ లేదు. నీటిని స్వేచ్ఛగా వదిలిన గుర్తులు పటంలో ఉన్నాయి. ఆ స్వేచ్ఛను గమనించినవారే కథను అల్లి ఉంటారు. జనశ్రుతి ఒక తొలి విమర్శ. చూపరులు పటం ముందు పొందిన ఆశ్చర్యాన్ని చిత్రకారుని ప్రవర్తనగా మార్చి చెప్పుకున్నారు. ఆ ఆశ్చర్యాన్ని అంగీకరించి, దానికి కారణాన్ని పటంలో వెతకడం తరువాతి విమర్శకుల కర్తవ్యం.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• చైనా 'లొంగ్' భావం బౌద్ధ అనువాదాల ద్వారా 'నాగ' భావంతో ముడిపడినా రెండూ ఒకటి కావు. 'ఘటసర్పం' అన్న పదం ఈ ప్రాణి విషయంలో అపార్థానికి దారి తీస్తుంది.

• తొమ్మిది పోలికల లక్షణం చిత్రకారుని ఊహను బంధించడానికి కాక, ఎవరూ చూడని ప్రాణిని పరీక్షకు నిలపడానికి ఏర్పడింది.

• 'తుహుయ్ బావోజియాన్' వర్ణించినది రెండు దశల ప్రక్రియ. జనశ్రుతి మొదటి దశను నిలిపి, కుంచెతో పూర్తిచేసే రెండవ దశను విడిచిపెట్టింది.

• తడిపూతల పక్కన నిలిచిన పదునైన రేఖలు, విడిచిన తెలుపులో తెగని దేహాలు పూర్వనిశ్చయాన్ని, నిరీక్షణను రుజువు చేస్తున్నవి.

• అదే వస్తువును మట్టిలో మలచిన పనివారి కథతో పోల్చినప్పుడు, సృజనను గురించిన జనశ్రుతులలో సామాజిక అంతస్తుల ప్రమేయం వెల్లడవుతున్నది.

చెన్ రొంగ్ మత్తులో ఉన్నాడో లేదో పటం చెప్పదు. డ్రాగన్ నడుము మేఘం వెనుక ఎక్కడ ఉందో అతనికి తెలుసునని మాత్రం చెబుతుంది. సృజనప్రక్రియను పరిశీలించే విమర్శకు ఆ రెండవ విషయమే ఆధారం కావాలి.